రామగిరి బంగారు గనుల శిథిలాలను చూడబోయేవారికి

తెల్లదొరల కాలంలో తవ్వి వదిలేసిన గని అనగానే చాలామందికి బొగ్గు గని గుర్తుకు వస్తుంది. 1889లో తవ్వకం మొదలైన ఇల్లెందు పేరు తెలుగువారికి కొత్తది కాదు. కర్నూలు, కడప, అనంతపురం ప్రాంతాల నేలలో మాత్రం బొగ్గు లేదు. ఇక్కడి రాళ్లు బొగ్గుగా మారిన అడవులకంటే ఎన్నో కోట్ల ఏళ్ల ముందు పుట్టినవి. అయినా ఆ కాలపు గని ఎలా ఉండేదో, దాని చుట్టూ ఏయే కట్టడాలు లేచాయో, అది మూతపడ్డాక నేల ఏ స్థితిలో మిగిలిందో చూడడానికి సీమవాసులు దూరం పోనవసరం లేదు. అనంతపురానికి దక్షిణాన రామగిరి దగ్గర బంగారు గనుల శిథిలాలు ఉన్నాయి.

ఈ వ్యాసం అక్కడ ఒక పూట గడపాలనుకునేవారి కోసం రాస్తున్నాను. అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట ఒకటుంది. గనిని చూడడం అంటే గనిలోకి దిగడం కాదు. నేల మీద జాగ్రత్తగా నడుస్తూ, దిబ్బలను, పునాదులను, గోడలను ఒక క్రమంలో చదువుకుంటూ పోతే లోపల ఏం జరిగిందో దాదాపు అంతా పైనే తెలుస్తుంది. లోపలికి దిగినవారికి కొత్తగా తెలిసేది చీకటి, చెడ్డ గాలి తప్ప మరేమీ ఉండదు. ఈ నియమానికి ఒప్పుకోలేనివారు, ముఖ్యంగా సొరంగం వాకిట్లో నిలబడి వీడియో తీయాలన్న ఉబలాటం ఉన్నవారు, దయచేసి ఈ ప్రయాణమే మానుకోవాలి.

చరిత్ర ఎంత తెలిస్తే సరిపోతుంది

1800లో నిజాం దత్తం చేసిన తర్వాత ఈ సీమ ఆంగ్లేయుల పాలనలోకి వచ్చింది. 1882లో బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పాటు చేశారు. అంతకు రెండేళ్ల ముందు, 1880లో, జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ కోలారులో బంగారు గనుల నిర్వహణ చేపట్టింది. అక్కడ దొరికిన సిరిని చూశాక, అదే జాతి రాళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయా అని దక్షిణాది అంతా గాలించడం మొదలైంది. ఆ గాలింపులోనే రామగిరి వెలుగులోకి వచ్చింది. గాలించినవారికి దారి చూపినవి చాలావరకు పాత గుంటలే. మన పూర్వులు ఏనాడో బంగారం కోసం తవ్వి వదిలిన గోతుల వెంబడి పోయి కంపెనీలవారు తమ గని బావులను తవ్వుకున్నారు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దంలో మొదలైన ఆ పని 1927తో ఆగిపోయింది.

ఆ తర్వాత అర్ధశతాబ్దానికి పైగా గనులు నిద్రపోయాయి. 1972లో ఏర్పడిన భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థ 1980ల దశకంలో ఇక్కడి యెప్పమాన గనిని మళ్లీ తెరిచింది. 2001లో ఆ సంస్థ కోలారుతో సహా తన గనులన్నిటినీ మూసివేయడంతో రామగిరిలోనూ పని నిలిచిపోయింది. కాబట్టి ఇవాళ అక్కడ కనిపించే శిథిలం ఒకటి కాదు, మూడు పొరలు. అడుగున పేరు తెలియని పూర్వుల గుంటలు, వాటి మీద దొరల కంపెనీల కట్టడాలు, పైన స్వతంత్ర భారతపు సర్కారు గని. ఏ గోడ ఏ పొరకు చెందినదో గుర్తుపట్టడంలోనే ఈ పర్యటన సారమంతా ఉంది.

ఎలా వెళ్లాలి, ఎప్పుడు వెళ్లాలి

రామగిరి మండల కేంద్రం. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలో ఉండేది. జిల్లాల పునర్విభజన తర్వాత పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. అనుమతుల కోసం వెళ్లేవారు పాత అలవాటుతో అనంతపురం కలెక్టరేటుకు పోతే ఒక రోజు వృథా అవుతుంది. రైలులో వచ్చేవారికి ధర్మవరం కూడలి అనుకూలం. బసకు, భోజనానికి కూడా అదే మేలు. సొంత వాహనం ఉన్నవారు 44వ నంబరు జాతీయ రహదారి మీద చెన్నేకొత్తపల్లి వైపు వచ్చి, అక్కడ పడమటికి తిరగాలి. కొండల మీద వరుసగా తిరిగే గాలిమరలు దూరం నుంచే కనబడతాయి కనుక దిక్కు తప్పే భయం లేదు. బస్సులో వెళ్లేవారు తిరుగు ప్రయాణపు చివరి బస్సు వేళను దిగేటప్పుడే కండక్టరును అడిగి తెలుసుకోవాలి.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వరకు అనువైన కాలం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే నేల ఇది. మిగతా నెలలకంటే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వాన ఎక్కువ. వానలు వెలిసి ఊరంతా పచ్చగా ఉన్నప్పుడు వెళ్లాలని ఎవరికైనా అనిపిస్తుంది గాని, గని ప్రాంతానికి అది చెడ్డ కాలం. ఏళ్ల తరబడి ఎండి గట్టిపడిన మట్టి నాని బరువెక్కి, కింద ఆధారం లేని చోట ఒక్కసారిగా కూలేది అప్పుడే. గడ్డి మోకాలెత్తు పెరిగి గుంటలను కప్పేదీ అప్పుడే. మంచి వాన పడ్డాక కనీసం రెండు నెలలు ఆగాలి. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, తలదాచుకోవడానికి నీడ ఉండదు.

రోజులో ఉదయం 7 గంటల నుంచి 11 గంటల దాకా ఉన్న సమయం ఉత్తమం. చల్లదనం ఒక్కటే దీనికి కారణం కాదు. ఏటవాలుగా పడే పొద్దుటి ఎండలో నేల మీది చిన్న పల్లం కూడా నీడ పట్టి కనిపిస్తుంది. అదే పల్లం నడినెత్తిన సూర్యుడున్నప్పుడు చదునుగా తోస్తుంది. ధర్మవరంలో తెల్లవారుతూనే వేడి వేడి ఉగ్గాని తిని బయలుదేరితే ఈ వేళ సరిగ్గా కలిసివస్తుంది.

అనుమతి అడగడం

పాడుబడినదంతా ఎవరికీ చెందనిది కాదు. గని స్థలంలో కొంత ప్రభుత్వానిది, కొంత రైతుల పట్టా భూమి, కొండవాలులో కొంత అటవీ శాఖది కావచ్చు. గాలిమరలు ఉన్న చోట్లు వాటి యజమానులవి. దీనికి తోడు ఈ ప్రాంతపు బంగారం మీద ఆసక్తి మళ్లీ పెరుగుతోంది కాబట్టి నిరుడు ఖాళీగా ఉన్న చోట ఈ ఏడు అన్వేషణ పని జరుగుతూ ఉండవచ్చు. అందువల్ల ముందుగా రామగిరి తహసీల్దారు కార్యాలయానికి వెళ్లి, ఏ సర్వే నంబరులోకి వెళ్లాలనుకుంటున్నారో, ఎంతమంది వస్తున్నారో, ఎందుకు వస్తున్నారో తెలిపే ఒక పేజీ అర్జీ ఇవ్వడం మంచిది. విద్యార్థులను తీసుకెళ్లేవారు గనులు, భూగర్భ శాఖ కార్యాలయానికి కూడా అర్జీ పెట్టుకోవాలి. కాదంటే కాదనే అర్థం. కంచె తెగిన చోటు నుంచి దూరిపోవడం అనుమతి కాదు.

కాగితం చేతికి వచ్చాక కూడా ఊళ్లో ఒక పెద్దమనిషిని వెంట రమ్మని అడగాలి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు పటం ఉందన్న ధీమాతో ఎవరినీ అడగకుండా బాట వదిలి నడిచాను. గొర్రెలు మేపుతున్న ఒక ముసలాయన గట్టు మీది నుంచి కేకేసి, “ఆ పక్కకు పోవద్దు నాయనా, ఆడ నేల డొల్ల” అన్నాడు. నేను చూస్తున్న వైపు అంతా చదునైన నేల, నాలుగు కంపచెట్లు, కొంచెం ఎండు గడ్డి తప్ప మరేమీ లేదు. ఆయన నా దగ్గరికి వచ్చి, చేతికర్రతో ఆ కంపచెట్ల మొదళ్లను చూపించాక అర్థమైంది. అవి పల్లంలోకి ఒరిగి ఉన్నాయి. అక్కడ ఏనాడో పూడిన ఒక గని బావి నోరుంది. ఏ పటంలోనూ లేని ఆ సంగతి ఆయనకు తన గొర్రెపిల్ల ఒకటి పోయినందువల్ల తెలిసింది. అప్పటి నుంచి స్థానికుల తోడు లేకుండా నేను అక్కడ బాట దిగలేదు. తోడు వచ్చినవారికి ఒక పూట కూలి ఇవ్వడం న్యాయం; ఆ మాట మొహమాటపడకుండా ముందే తేల్చుకోవాలి.

నేలను నమ్మకపోవడం ఎలా

ఈ భాగాన్ని నిదానంగా చదవాలని మనవి.

పెద్దగా తెరుచుకుని, చుట్టూ రాతి కట్టుతో కనబడే గని బావి అంత ప్రమాదకరం కాదు, ఎందుకంటే దాన్ని చూసి ఎవరైనా ఆగుతారు. ప్రాణాలు తీసేది కనబడని నోరు. గని మూసేటప్పుడు బావి మీద దూలాలు, రేకులు పరిచి మట్టి కప్పడం ఒకప్పుడు మామూలే. దూలం లోపల పుచ్చిపోతూ ఉంటుంది, పైన మట్టి మీద గడ్డి మొలుస్తూ ఉంటుంది. కొన్నిచోట్ల పశువులు పడకుండా ఊరివాళ్లు తుమ్మకంపలు కొట్టి పాత నోళ్ల మీద వేస్తారు. కాబట్టి ఒంటరిగా ఉన్న కంప కుప్పను, చుట్టుపక్కల లేనంత పచ్చగా గుండ్రంగా ఎదిగిన పొదను, మధ్యకు ఒరిగిన చెట్లను, గిన్నెలా కుంగిన నేలను ఎక్కడ చూసినా అది గని నోరని అనుకుని దూరంగా తప్పుకోవాలి.

బావి అంచు ఎప్పుడూ నిటారుగా నిలిచి ఉండదు. మెత్తబడిన పైరాయి ఏటేటా లోపలికి జారుతూ నోరు గరాటులా విచ్చుకుంటుంది. గరాటు వాలు మీద కాలు పెట్టినవారికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. నేను పాటించే దూరం 30 అడుగులు. గరాటు కనిపిస్తే దాని వాలు మొదలైన చోటి నుంచి 30 అడుగులు లెక్కపెడతాను. లోతు తెలుసుకోవడానికి రాయి వేసి చెవి ఒగ్గడం పిల్లలకూ పెద్దలకూ ఒకే రకంగా కలిగే కోరిక. ఆ కోరికే మనిషిని అంచుకు చేరుస్తుంది.

రెండో సంగతి చాలామందికి తట్టదు. బంగారం ఉన్న పలుగురాయి నేలలో గోడలా నిలువుగా, ఒక వరుసలో సాగుతుంది. రామగిరి రాతిపట్టీ సుమారుగా ఉత్తర దక్షిణాలుగా పోతుంది. దాని వెంబడే బావులన్నీ వరుసగా ఉంటాయి. ఆ బావుల మధ్య కింద ఉన్న పలుగును తీసేశారు కనుక అక్కడ ఖాళీ మిగిలింది, ఆ ఖాళీకి పైకప్పుగా కొన్నిచోట్ల మందమైన రాయి ఉంటే కొన్నిచోట్ల పలచని పొర మాత్రమే ఉంటుంది. అందువల్ల రెండు గని నోళ్లు కనిపించగానే వాటిని కలుపుతూ మనసులో ఒక గీత గీసుకోవాలి. ఆ గీత వెంబడి నడవకూడదు. దాన్ని దాటవలసి వస్తే ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు ఇప్పటికీ తిరుగుతున్న బాట మీదుగానే దాటాలి. దిక్సూచి వెంట తీసుకెళ్లమని చెప్పేది దారి కోసం కాదు, ఈ గీత కోసం.

గాలి సంగతి మూడోది. బొగ్గు గనిలో మండే వాయువు భయం ఉంటుంది. బంగారు గనిలో సాధారణంగా ఆ భయం లేదు, కాని అంతకంటే మౌనమైన ప్రమాదం ఉంది. కుళ్లే కలప, తుప్పుపట్టే ఇనుము, గాలి తగిలి మారిపోయే గంధకపు ఖనిజాలు లోపలి గాలిలోని ప్రాణవాయువును తినేస్తాయి. మామూలు గాలిలో ప్రాణవాయువు 21 శాతం ఉంటుంది. 16 శాతం దగ్గర దీపం ఆరిపోతుంది. 10 శాతం కంటే తగ్గితే మనిషి అరిచే వ్యవధి కూడా లేకుండా స్పృహ తప్పుతాడు. పాత బావిలో పూడిక తీయడానికి దిగినవాడు పడిపోవడం, అతన్ని కాపాడబోయి ఇంకొకరు పడిపోవడం మన పల్లెల్లో తెలియని విషాదం కాదు. గనిలోనూ జరిగేది అదే. వాసన ఉండదు, రంగు ఉండదు, సెల్‌ఫోన్ టార్చి ఎంత వెలిగినా గాలి మంచిదని చెప్పదు. పైగా వాతావరణ పీడనం పడిపోయినప్పుడు, అంటే మబ్బులు కమ్మి గాలివాన రాబోతున్నప్పుడు, గని తన లోపలి గాలిని బయటికి వదులుతుంది. బరువైన ఆ గాలి నోటి దగ్గరి పల్లాల్లో నిలుస్తుంది. కొండవాలులో అడ్డంగా తొలిచిన సొరంగం ఎంత నిటారుగా నడిచి వెళ్లేట్టు కనబడినా దాని గడప దాటకూడదని చెప్పడానికి ఇది చాలు. వాకిట్లో కూర్చుని అన్నం తినడం కూడా వద్దు.

నిలిచిన నీళ్లు తేటగా ఉన్నా తాగకూడదు, ఈత కొట్టకూడదు. గని అడుగున పాత తవ్వకాలలోకి నీరు చేరి, రాతిలోని ఆర్సెనిక్ వంటివి అందులో కరిగి ఉండవచ్చు. వైర్ల ముక్కలు అంటుకుని ఉన్న చిన్న రాగి లేదా అల్యూమినియం గొట్టం లాంటిది నేల మీద కనిపిస్తే ముట్టుకోకుండా, ఆ చోటుకు గుర్తు పెట్టుకుని, పోలీసులకు చెప్పాలి. అది మందుగుండును పేల్చడానికి వాడే డిటోనేటరు, పేలకుండా మిగిలిపోయినది కావచ్చు, పాతబడిందంటే శక్తి పోయిందని కాదు.

పాముల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, పొలం పని తెలిసినవారికి తెలిసిందే. రాతి గోడల సందుల్లో చేతులు పెట్టకూడదు, కూలిన కప్పు కింద వంగి దూరకూడదు. రక్తపింజరి గాని కట్లపాము గాని కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయకుండా, కరిచిన అవయవాన్ని కదలనివ్వకుండా 108కు ఫోను చేసి ప్రభుత్వ ఆసుపత్రికి తరలించాలి. కొండల్లో చిరుతలు, ఎలుగులు తిరిగే ప్రాంతం కనుక చీకటి పడే దాకా ఉండకూడదు. తేనెపట్టు కనిపించిన గోడ దగ్గర అత్తరు వాసన, పొగ, కేకలు లేకుండా ఉండాలి.

వెంట తీసుకెళ్లవలసినవి కొద్దే. చీలమండ దాకా వచ్చే బూట్లు, పొడుగు చేతుల నూలు చొక్కా, తలపాగా లేదా టోపీ, ఆరడుగుల వెదురు కర్ర, మనిషికి 3 లీటర్ల నీళ్లు, ఈల, దిక్సూచి, కొలతల టేపు, నోటు పుస్తకం. తాడు తీసుకెళ్లవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే తాడు చేతిలో ఉంటే దిగాలన్న ఆలోచన పుడుతుంది. ముగ్గురికి తక్కువ కాకుండా వెళ్లాలి. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుండి, ఇంకొకరు సాయానికి పోవాలి కనుక ఈ లెక్క.

శిథిలాలను చదవడం

ఇప్పుడు అసలు చూడవలసినదానికి వద్దాం. బంగారు గని కట్టడాలు ఎక్కడపడితే అక్కడ లేవవు. రాయి బయటికి వచ్చిన చోటి నుంచి బంగారంగా మారే చోటి దాకా అవి ఒక దారిలో ఉంటాయి. ఆ దారిని వెతికి, దాని వెంబడి కిందికి నడిచినవారికి గని మొత్తం అర్థమవుతుంది.

మొదలు బావి దగ్గరి రాతి దిబ్బ. అంచులు పదునుగా, తలకాయంత రాళ్లతో, నల్లటి ఆకుపచ్చ పొరరాయితో నిండిన దిబ్బ అయితే అది పనికిరాదని పారబోసిన రాయి. దాని పరిమాణం చూసి కింద ఎంత దూరం తొలిచారో ఒక అంచనాకు రావచ్చు. అందులో అక్కడక్కడ తెల్లటి పలుగు ముక్కలు ఉంటాయి. ఈ రాళ్ల వయస్సు సుమారు 270 కోట్ల సంవత్సరాలు. చేతిలోకి తీసుకుని చూసి మళ్లీ అక్కడే పెట్టండి. ఏదైనా తళుక్కుమంటే అది అభ్రకమో గంధకపు ఖనిజమో అయి ఉంటుంది. టన్ను రాతిలో కొన్ని గ్రాములుండే బంగారం కంటికి కనబడడం అరుదు. అనుమతి లేకుండా ఖనిజం తీయడం 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం నేరం కూడా.

బావికి ఎదురుగా, కొంత దూరంలో, మందమైన రాతి పునాది మీద పెద్ద పెద్ద బోల్టులు నిలిచి ఉన్న దిమ్మ కనిపిస్తే అది మనుషులను, రాయిని పైకి లాగిన యంత్రం కూర్చున్న చోటు. దిమ్మ ముఖం ఏ దిక్కుకు ఉందో చూసి, ఆ దిక్కులో కంటితో గీత గీస్తే పూడిపోయిన బావి ఎక్కడుందో కూడా తెలుస్తుంది. శిథిలం చదవడం ప్రాణరక్షణకు కూడా పనికొచ్చే సందర్భం ఇది.

అక్కడి నుంచి వాలు వెంబడి దిగితే మిల్లు పునాదులు రావాలి. వాటి గుర్తు మెట్లు. కొండవాలును మెట్లుగా కోసి, పై మెట్టు మీద పోసిన రాయి దానంతట అదే కింది మెట్టుకు జారేట్టు కట్టేవారు. మధ్య మెట్టులో రాయిని దంచే పోట్లు ఉండేవి. వరుసగా నిలబెట్టిన ఇనుప రోకళ్లను ఒక తిరుగుడు ఇరుసు ఎత్తి వదిలేస్తుంటే అవి కింద ఉన్న రాయిని నీటితో కలిపి పిండి చేసేవి; వడ్లు దంచే రోకలిపోటు తెలిసినవారికి ఆ యంత్రం వెంటనే అర్థమవుతుంది. ఆ బురద పాదరసం పూసిన రాగి రేకుల మీదుగా పారేటప్పుడు బంగారం పాదరసానికి అతుక్కునేది. అతుక్కోకుండా పోయినదాన్ని పట్టడానికి 1887లో కనిపెట్టిన సైనైడ్ పద్ధతి వాడేవారు. అందుకే మిల్లు కింది భాగంలో గుండ్రటి తొట్ల అడుగులు కనిపిస్తే అవి నీటి తొట్లని అనుకోరాదు. సైనైడ్ ద్రావణంలో ఇసుకను నానబెట్టిన తొట్లు అయి ఉండవచ్చు.

ఆ దారి చివర, అన్నిటికంటే పల్లంలో, మెత్తటి బూడిదరంగు ఇసుక దిబ్బ ఉంటుంది. కోలారులో ఇలాంటివాటిని సైనైడ్ దిబ్బలు అంటారు. రాతి దిబ్బకు దీనికి తేడా వేలితో నలిపితే తెలుస్తుందని కొందరు చెబుతారు గాని, ముట్టుకోకుండా చూపుతోనే తెలుసుకోవాలి. ఎండకు, గాలికి సైనైడ్ విరిగిపోతుంది. కాని ఆర్సెనిక్, పాదరసం విరగవు. మెత్తటి పలుగుదుమ్ము ఊపిరితిత్తులకు చేటు. గాలి వీస్తున్నప్పుడు దిబ్బకు గాలివాలున నిలబడకూడదు, పిల్లలను దాని మీద ఎక్కి జారనివ్వకూడదు, ఇంటికి రాగానే బట్టలు విడిగా ఉతకాలి.

మిల్లుకు దూరంగా, చుట్టూ ఏమీ లేని చోట, మందమైన గోడలతో చిన్న కిటికీ కూడా లేని గది ఉంటే అది మందుగుండు దాచిన కొట్టు. గాలి బాగా ఆడే ఎత్తు మీద వెడల్పాటి వరండాలతో లేచిన గోడలు దొరల బంగళాలవి. వరుసగా, ఒకే గోడ పంచుకుంటూ ఉన్న చిన్న గదుల పునాదులు కూలివారి ఇళ్లవి. ఈ రెండింటి మధ్య దూరాన్ని అడుగులతో కొలిచి రాసుకోండి, ఒక్కో గది వైశాల్యాన్ని కూడా. ఆ కాలపు జీవితం గురించి అంత సూటిగా మాట్లాడే సాక్ష్యం అక్కడ మరొకటి లేదని నా అభిప్రాయం.

పొరలను వేరుచేయడానికి నాకు బాగా అక్కరకు వచ్చిన గుర్తులు రెండు. సున్నపు గారతో కట్టిన రాతి గోడ సాధారణంగా పాత కంపెనీలది. సిమెంటు కాంక్రీటు దూలాలలో ఇనుప కడ్డీలు కనబడితే అది 1980ల తర్వాతిది అనుకోవచ్చు. ఇనుప సామగ్రిలో అయితే అతుకులను చూడాలి. పలకల అంచున వరుసగా గుండ్రటి తలలున్న రివిట్లు పాతకాలపు పని, సాఫీగా కరిగించి అతికిన వెల్డింగు తర్వాతి కాలపు పని. ఇటుకల మీదా, తుప్పు పట్టిన పట్టాల మీదా తయారీదారుల ముద్రలు, సంవత్సరాలు మిగిలి ఉంటే ఏటవాలు వెలుతురులో ఫొటో తీసుకోవాలి. గీకవద్దు, సుద్దతో దిద్దవద్దు. చిన్న బోల్టు అయినా ఇంటికి తెచ్చుకోకూడదు. పాత ఇనుము అమ్ముకునేవారు తీసుకుపోగా మిగిలింది అసలే కొంచెం.

పూర్వుల గుంటలను చివర చూడాలి, ఎందుకంటే కన్ను అప్పటికి అలవాటుపడి ఉంటుంది. ఇవి బావుల్లా గుండ్రంగా కాక, పలుగు వరుస వెంబడి సన్నగా పొడుగ్గా, కందకాల్లా ఉంటాయి. రాతిని మంటపెట్టి కాల్చి, నీళ్లు చల్లి పగలగొట్టడం దక్షిణాది ప్రాచీన గనుల్లో వాడిన పద్ధతి. పక్కన పెద్ద బండల మీద గిన్నెల్లా అరిగిన గుంటలు ఉంటే పలుగును నూరిన చోట్లు అవి కావచ్చు. ఇక్కడ కూడా 30 అడుగుల నియమం వర్తిస్తుంది.

పటం, మనుషులు

బయలుదేరకముందు సర్వే ఆఫ్ ఇండియా వారి 57 ఎఫ్ శ్రేణిలోని పటాలను చూసుకోవాలి. వాడుకలో లేని గనులకు ఆ పటాల్లో గుర్తులుంటాయి. ఉపగ్రహ చిత్రంలో బూడిదరంగు దిబ్బ స్పష్టంగా తెలుస్తుంది. అక్కడి నుంచి వెనక్కి, ఎత్తు వైపు, చూపును నడిపిస్తే మిల్లు, బావి ఉండవలసిన చోట్లు ముందే ఊహించుకోవచ్చు.

అయినా పటంకంటే విలువైనది మనుషుల జ్ఞాపకం. 2001లో యెప్పమానలో పని పోయినప్పుడు 45 ఏళ్లున్నవారికి ఇప్పుడు 70 దాటుతోంది. షిఫ్టు ఎన్ని గంటలు, బావిలోకి దించే కేజ్‌లో (ఇనుప పంజరంలో) ఒకసారికి ఎందరు దిగేవారు, లోపల ఎంత ఉక్కపోత, దుమ్ము వల్ల ఎవరెవరు దగ్గుతో మంచాన పడ్డారు, మూసివేత మాట ఎలా తెలిసింది అన్నవి వారికి తప్ప ఎవరికీ తెలియవు. అరుగు మీద కూర్చుని, “పెద్దాయనా, మీరు ఏ పనిలో ఉండేవారు?” అని మొదలుపెట్టి, వారి అంగీకారంతో గొంతును రికార్డు చేసుకుంటే మంచిది. బంగారం ఎక్కడుందని మొదటి ప్రశ్నగా అడిగితే మాట అక్కడితో ఆగిపోతుంది. అలా అడిగేవారిని వారు చాలామందినే చూశారు. రికార్డు చేసినదాని నకలును వారి ఇంటివారికి ఫోనులో పంపాలి.

చుట్టుపక్కల మరికొన్ని

ఒక్క రామగిరితో ఆసక్తి తీరనివారు ఎర్రగుడి అశోకుని శాసనాలను చూడవచ్చు. గుత్తికి సమీపంలో ఉన్న ఆ బండలను 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త గుర్తించారు. దాని పొరుగున ఉన్న జొన్నగిరే అశోకుని నాటి సువర్ణగిరి అని చాలామంది చరిత్రకారుల ఊహ. జొన్నగిరి దగ్గర బంగారు గని పని కొత్తగా సాగుతోంది కనుక ఆ ఆవరణలోకి పోకూడదు. శాసనాల దగ్గర అలాంటి ఇబ్బంది లేదు. తొలకరి తర్వాత వజ్రకరూరు, తుగ్గలి పొలాల్లో వజ్రాల కోసం వెతికే జనాన్ని చూడవచ్చు గాని, అది గని శిథిలం కాదు.

కడప జిల్లాలో పులివెందుల వైపు ఉన్న పాత రాతినార (ఆస్బెస్టాస్) గనుల దిబ్బల దగ్గరికి మాత్రం ఎవరూ వెళ్లవద్దు. అక్కడి నార కంటికి కనబడనంత సన్నగా గాలిలో తేలి ఊపిరితిత్తుల్లో నాటుకుంటుంది, ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత జబ్బుగా బయటపడుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే ఆగేది కాదు. నేను వెళ్లలేదు, వెళ్లను.

పదేళ్లలోపు పిల్లలను రామగిరికి తీసుకెళ్లవద్దు. అంతకంటే పెద్ద పిల్లలైతే ఐదుగురికి ఒక పెద్దవారు చొప్పున ఉండాలి. బాట వదలని మిల్లు పునాదుల భాగం వరకే చూపించాలి.

బయలుదేరేటప్పుడు ఊళ్లో ఎవరికి చెప్పి వెళ్లారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తామన్నారో మరిచిపోకూడదు. టీ అంగడి ఆయనకైనా సరే, పేరు, ఫోను నంబరు, వేళ రాసిన చీటీ ఒకటి ఇచ్చి వెళ్లండి. ధర్మవరం బస్సు ఎక్కే తొందరలో ఉన్నా, ముందుగా ఆ అంగడి దగ్గర ఆగి, అందరం తిరిగి వచ్చామని చెప్పి, ఆ చీటీ వెనక్కి తీసుకోవాలి. లేకుంటే ఆయన చీకట్లో లాంతరు పట్టుకుని మనల్ని వెతకడానికి ఆ డొల్ల నేల మీదికే వస్తాడు.